ఐదొందల ఏళ్ళ లెక్క

నాకు కోపం ఎక్కువ. మెరకపాలెంలో ఎవర్ని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఈ ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళలో నా బెత్తం దెబ్బ తిననివాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. "ప్రసన్నకుమారి టీచరు కొడితే కొట్టింది గానీ తప్పు మాత్రం చెప్పదు" అని కూడా అంటారు. ఆ రెండో మాట వింటే ఇప్పుడు చెంపలు వాయించాలనిపిస్తుంది. వాళ్ళవి కాదు, నావి.

మా హేమ పోయి తొమ్మిదేళ్ళు. పెళ్ళయిన పదకొండేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, ఆగస్టులో డెంగీ వచ్చి అయిదు రోజుల్లో పోయింది. పదహారేళ్ళు దానికి. అమలాపురం నుంచి అంబులెన్సులో తీసుకొస్తుంటే దారి పొడుగునా దాని పాదాలు పట్టుకుని కూర్చున్నాను. ముమ్మిడివరం దాటాక, పాదాలు చల్లగా ఉన్నాయని నా కొంగు కప్పాను. ఏం చదువుకున్నానో చూడండి.

మా ఊరి క్రైస్తవులకి సమాధుల తోటలు రెండు. ఒకటి సముద్రం వైపు ఇసుక దిబ్బ మీద, సరుగుడు చెట్ల మధ్య. మా ముత్తాతల నాటిది. మా అమ్మ అక్కడే ఉంది. రెండోది చర్చి వెనకాల, కాలవ గట్టున. అది కొత్తది, అప్పటికి అక్కడ పట్టుమని పది సమాధులు కూడా లేవు. హేమని హాల్లో పడుకోబెట్టి ఉండగా, ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. నేను మా అమ్మ పక్కన అన్నాను. అందరూ సరే అన్నారు. మా మావగారు మత్తయి ఒక్కరే తల అడ్డంగా ఊపారు.

"అమ్మాయ్, కాలవ గట్టున పెడదాం. ఆ దిబ్బ నిలవదు. సముద్రం లోపలికి వస్తంది."

"ఎవరు చెప్పేరు మావయ్యగారూ?"

"ఎవరు చెప్పాలమ్మా? దిబ్బ దగ్గర బావి నీళ్ళు ఉప్పెక్కేయి. సరుగుడు చెట్ల వేళ్ళు బయటికొచ్చేసేయి. గోదారి మట్టి తెచ్చినన్నాళ్ళూ సముద్రం వెనక్కి నడిచింది. నా చిన్నప్పుడు ఏడాదికి ఓ సాలు చొప్పున నేల పెరిగేది. ఇప్పుడు గోదారి ఒట్టి చేతుల్తో వస్తంది."

ఆయన బడి మొహం చూడని మనిషి. అరవై ఏళ్ళు కామందుల చేలల్లో ఊడ్పులూ కోతలూ చేసి, మా ఆయన ఎబినేజర్‌ని పోస్టాఫీసు ఉద్యోగస్తుణ్ణి చేసిన మనిషి. ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆ రోజు ఆయన మాట వింటుంటే ఒళ్ళు మండిపోయింది. నా పిల్లని మా అమ్మ పక్కన కూడా పెట్టనివ్వరా అని. ఆ ఇంట్లో ఆ పూట నాకు గట్టిగా తెలిసింది ఒక్కటే, నేను చెప్పే పాఠం. లేచి నిలబడి, అంతమందీ వింటుండగా, క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"సముద్రం పెరిగేది ఏడాదికి నాలుగు మిల్లీమీటర్లు. దిబ్బ ఎత్తు పెద్ద పోటు నీళ్ళకి పైన రెండు మీటర్లు. అంటే రెండు వేల మిల్లీమీటర్లు. రెండు వేలని నాలుగుతో భాగించండి. ఐదొందల ఏళ్ళు! ఐదొందల ఏళ్ళ దాకా నా పిల్ల జోలికి సముద్రం రాదు!"

ఎవరూ నోరెత్తలేదు. ఎలా ఎత్తుతారు, సగంమంది నా శిష్యులే. మావగారు "చదువుకున్నదానివి. నీకే తెలుస్తాది తల్లీ" అన్నారు. హేమని దిబ్బ మీదే పెట్టాం.

నవంబరు రెండో తారీకున మాకు సమాధుల పండగ. ముందురోజు కలుపు పీకి, సమాధికి సున్నం వేసి, సిలువ మీద పేరు నల్ల రంగుతో దిద్దుతాం. పండగ సాయంత్రం బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. హేమ సమాధికి సున్నం నేనే వేసేదాన్ని, ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. మొదటి ఏడాది సున్నం ఆరేలోపు ఏం తోచక, సమాధి దగ్గర్నుంచి నీటి అంచు దాకా అడుగులు లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. ఆ అంకె సిలువ వెనక సన్నకుంచెతో వేశాను. మావగారికి చూపిద్దామనే ఉద్దేశం, అంతే. వచ్చే ఏడాదీ ఇంతే ఉంటుంది, అప్పుడు చూద్దురుగాని అని.

వచ్చే ఏడాది రెండు వందల తొంభై నాలుగు వచ్చింది. తప్పు లెక్కపెట్టానని మళ్ళీ వెనక్కి నడిచాను. మళ్ళీ అంతే. మావగారు దూరంగా కూర్చుని చూస్తున్నారు. పాత అంకె మీద సున్నం కొట్టి కొత్త అంకె వేసి, ఆయన అడక్కుండానే "పాటు సమయం కాదు కదా, తేడా ఉంటుంది" అన్నాను. సున్నం వేశాక పోయినేడాది అంకె కనబడదు. అది నాకు ఒక్కదానికే తెలుసు.

ఇక్కడ ఒక పాఠం చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళూ చెప్పిన పాఠమే, ఇంకొక్కసారి వినండి. రెండు రెండున్నర వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో బొగ్గు కాల్చి ఆవిరి యంత్రాలు తిప్పడం మొదలుపెట్టారు. తర్వాత బొగ్గు రైళ్ళు, తర్వాత పెట్రోలు, తర్వాత గ్యాసు. ఆ పొగలో కార్బన్ డయాక్సైడు భూమి చుట్టూ చేరి వేడిని బయటికి పోనివ్వదు. భూమి వేడెక్కుతుంది. చలిదేశాల్లో మంచు కరుగుతుంది. వేడెక్కిన నీళ్ళు ఉబ్బుతాయి. సముద్ర మట్టం పెరుగుతుంది. దీనికి నాలుగు మార్కులు. కారణాలు రెండు రాస్తే రెండు, ఫలితాలు రెండు రాస్తే రెండు.

డెల్టాల పాఠం వేరే ఉంది. నది తెచ్చిన ఒండ్రుతో నేల పుడుతుందనీ, ఎగువన ఆనకట్టలు కడితే ఒండ్రు అక్కడే ఆగిపోతుందనీ, కొత్త మట్టి పడని డెల్టా మెల్లగా కుంగుతుందనీ అందులో ఉంటుంది. తుఫానుల పాఠం ఇంకోటి. వేడి సముద్రం మీద తుఫాను బలం పుంజుకుంటుంది. మడ అడవుల పాఠం మరొకటి. అవి అలల్ని ఆపుతాయి. మా ఊరి మడ అడవి కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వుకున్నారు. మా వాటా రెండెకరాలూ అలాగే చెరువైంది, నేను సంతకం పెడితేనే. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కో పాఠానికి ఒక్కో పరీక్ష. నాలుగూ కలిపి ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు, నేనూ కలిపి చెప్పలేదు. నా లెక్కలో సముద్రం తొట్టిలో నీళ్ళలాగా కింద నుంచి పైకి, నిదానంగా, మర్యాదగా పెరుగుతుంది. అసలు సముద్రం ఎదురుగా వస్తుంది. బెత్తెడు లేస్తే చాలు, ఏటవాలు ఇసుకని గజాల కొద్దీ కోసుకుపోతుంది. ఈ మాత్రం నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు తెలుసుకోదలుచుకోలేదు.

హేమ నా క్లాసులోనే చదివింది. బడిలో నన్ను అమ్మా అనకూడదని రూలు పెట్టాను, టీచర్ అనాలి. తొమ్మిదో తరగతిలో ఈ పాఠం చెబుతుంటే చెయ్యెత్తింది.

"టీచర్, బొగ్గు కాల్చింది వాళ్ళు కదా, నీళ్ళు మన దగ్గరికెందుకు వస్తాయి?"

అంత మంచి ప్రశ్న ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంకెవరూ అడగలేదు. నేనేమన్నానో తెలుసా? "పరీక్షకి అక్కర్లేనివి అడక్కు, కూర్చో" అన్నాను. కూర్చుంది. కన్నతల్లి ఆ మాట అన్నందుకు చిన్నబుచ్చుకోనైనా లేదు, గబగబా నోట్సు రాసుకుంది. ఆ వంగిన తల, ఆ రెండు జడలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పూట ఆ పిల్లకి జవాబు చెప్పి ఉంటే నాకు కూడా జవాబు తెలిసేది.

ఇప్పుడు అసలు పాపం చెబుతాను. లెక్క తప్పడం పాపం కాదు. తప్పని తెలిశాక నోరు మూసుకోవడం పాపం. 2019 మేలో ఎండలు మండిపోయాయి. కొబ్బరి దింపు తీసే భీమరాజు మిట్టమధ్యాహ్నం చెట్టు దిగి, నీళ్ళు అడిగి, తాగకుండానే పడిపోయాడు. వడదెబ్బ. మర్నాడు పొద్దున్నే అతని భార్య చిట్టెమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"టీచరుగారండీ, కాలవ గట్టున బంకమన్నండి. వానొస్తే నీళ్ళు నిలిచిపోతాయండి. ఆయనకి ఇసక నేలంటేనే ఇష్టమండి. దిబ్బ మీద పెట్టమంటారాండీ?"

అప్పటికి సిలువ వెనక అంకె రెండు వందల ముప్ఫై ఆరు. రెండేళ్ళలో డెబ్భై ఆరు అడుగులు పోయాయి. నోటి దాకా వచ్చింది, వద్దు చిట్టెమ్మా అని. ఆ మాట అంటే హేమ సంగతి ఏమిటని అందరూ అడుగుతారు. హేమని తప్పుచోట పెట్టానని మావగారి ముందు ఒప్పుకోవాలి. "పెట్టుకో. ఐదొందల ఏళ్ళకి ఢోకా లేదు" అన్నాను. చిట్టెమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి వెళ్ళింది. భీమరాజుని హేమకంటే ముందు వరసలో, సముద్రం వైపు పెట్టారు. అక్కడే ఖాళీ ఉంది మరి.

తర్వాత ఏళ్ళలో అడుగులు ఇంకా వేగంగా తగ్గాయి. ఒక్కో తుఫానుకి ఇరవై, ముప్ఫై. సరుగుడు చెట్లు వరసవరసగా పడిపోయాయి. పోయినేడాది పండక్కి నలభై ఆరు అడుగులే వచ్చాయి. ఈ ఏడాది సెప్టెంబరులో మాణిక్యాలరావు ఫోన్ చేశాడు. వాడు చేపల వేటకి వెళ్ళే కుర్రాడు. కుర్రాడేమిటి, నలభై దగ్గర పడ్డాయి. పదో తరగతి రెండుసార్లు తప్పితే నేను కొట్టిన దెబ్బల్ని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటాడు. వాడి ఇల్లు నిరుడే సముద్రంలో కలిసిపోయింది.

"టీచరుగారండీ, అమావాస్య పోటుకి దిబ్బ మీద చివరి వరస వెళ్ళిపోయిందండి. నాలుగు సమాధులండి. పాతవేననుకోండి. భీమరాజుగారిది అంచు మీద ఉందండి. మన హేమమ్మది ఆ వెనకేనండి. ఆలస్యం చెయ్యకండి."

ఆ సాయంత్రమే సంఘ పెద్ద శ్యామ్ సుందర్ దగ్గరికి వెళ్ళాను. వాడూ నా శిష్యుడే. హేమని తీసి కాలవ గట్టుకి మారుస్తాను, సంఘం ఒప్పుకోవాలి అన్నాను. వాడు కుర్చీ చివర ముడుచుకుని కూర్చున్నాడు, ఇంకా బెత్తం నా చేతిలో ఉన్నట్టు.

"అదికాదండీ మేడంగారూ. సమాధి కదపడం మన సంఘంలో ఎప్పుడూ లేదండి. అయినా మీరే కదండీ ఐదొందల ఏళ్ళు అని లెక్క చెప్పేరు? మా నాన్నగారిని కూడా ఆ మాట మీదే అక్కడ పెట్టేమండి."

నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు, అయినా వాడి మీదే అరిచాను. "వెళ్ళి కళ్ళతో చూడవయ్యా! నలుగురు వెళ్ళిపోయారు! ఇంకా నా లెక్క పట్టుకుని కూర్చుంటావా?" అన్నాను. లెక్క తప్పని మాత్రం అనలేదు. చూశారా, అప్పటికీ అనలేదు. సంఘం ఒప్పుకున్నాక, సమాధి తవ్వడానికి తహశీల్దారు కాగితం కావాలన్నారు. మా ఆయన రోజూ ముమ్మిడివరం బస్సెక్కి తిరిగారు. అక్టోబరు ఇరవై ఏడున కాగితం చేతికొచ్చింది. అందులో ఒకే పేరు ఉంది. కీర్తిశేషురాలు హేమ. అదే రోజు టీవీలో వాయుగుండం తుఫానుగా మారిందనీ, మర్నాటి రాత్రికి తీరం దాటుతుందనీ చెప్పారు.

మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా దిబ్బ మీద ఉన్నాం. మా ఆయన, నేను, మాణిక్యాలరావు, వాడితో పాటు పలుగూ పారలతో ముగ్గురు. వద్దంటే వినకుండా మావగారు కూడా వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, గొంగళి కప్పుకుని. హేమ కోసం పనసచెక్కతో చిన్న పెట్టె చేయించాను. లోపల దాని తెల్ల ఓణీ పరిచాను. గాలి విసురుగా ఉంది, వాన ఇంకా సన్నగానే పడుతోంది. భీమరాజు సమాధి దిబ్బ అంచున ఉంది, దాని కింద నుంచి ఇసుక జారుతోంది.

"మధ్యాహ్నం రెండింటికి పోటు మొదలవుతాదండి. ఈలోపు ఒక్కటి తియ్యగలమండి. రెండోది దేవుడి దయండి" అన్నాడు మాణిక్యాలరావు.

ఒక్కటే కదా కావాలి, కాగితంలో ఉన్నదీ ఒక్కటే. హేమ సమాధి మీద మొదటి పలుగు వెయ్యబోతుండగా చిట్టెమ్మ వచ్చింది. తలమీద గోనెపట్టా కప్పుకుంది. ఒక చేతిలో సున్నం కలిపిన బకెట్టు, రెండో చేతిలో తాటికుంచె. మమ్మల్ని చూసి సంబరంగా నవ్వింది.

"ఆయ్, టీచరుగారు కూడా వచ్చేరండీ! పండక్కి వారం కూడా లేదు కదండీ. తుఫానొచ్చి పోయాక కూలి పనులుంటాయండి, తీరదండి. అందుకని ముందే ఓ పూత వేసేద్దామని వచ్చేనండి."

ఈ వానలో సున్నమా అని నోరు తెరవబోయి ఆగిపోయాను. ఆ మనిషి అంచు మీదున్న సమాధి దగ్గరికి నడిచి, బకెట్టు దింపి, కొంగుతో సిలువ తుడుస్తోంది. ఆమె కాలి కింద ఇసుక పగులు కనబడుతోంది.

"చిట్టెమ్మా, ఇవతలికి రా! చూడటంలేదా, సముద్రం ఎక్కడుందో?"

"చూస్తన్నానండి. దగ్గరికే వచ్చిందండి." కుంచె సున్నంలో ముంచుతూనే చెప్పింది. "అయినా మీరు ఐదొందల ఏళ్ళు అన్నారు కదండీ. ఇంకా ఆరేళ్ళే అయిందండి. మీరు చెప్పేరని నేను ఎవరేమన్నా బెంగపెట్టుకోలేదండి. మీ అమ్మాయిని మీ ఇంటికి దగ్గరగా ఉంటాదని మార్చుకుంటన్నారనుకున్నానండి."

ఆ మనిషికి కళ్ళున్నాయి. ఎదురుగా సముద్రం నోరు తెరుచుకుని ఉంది. అయినా కళ్ళని కాదని నా మాట నమ్మింది. నాలాంటి దాని మాట! దేవుడా, నన్ను ఏ మొహం పెట్టుకుని బతకమన్నావు?

వెళ్ళి ఆమె చేతిలోంచి కుంచె తీసుకున్నాను.

"చిట్టెమ్మా, నా లెక్క తప్పు."

"ఏంటండీ?"

"నేను చెప్పిన లెక్క తప్పు. హేమని పెట్టిన మరుసటేడే తెలుసు నాకు. నువ్వు మా గుమ్మంలోకొచ్చి అడిగిన రోజు కూడా తెలుసు. తెలిసి చెప్పలేదు. ఇది ఈ రాత్రికి పోతుంది. నీదీ పోతుంది, నాదీ పోతుంది."

చిట్టెమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా మొహంలోకి చూసి, సమాధి మీద చెయ్యివేసి, "అయితే ఈయన్నేం చెయ్యమంటారండీ?" అంది. మళ్ళీ నన్నే అడిగింది. ఈ లోకంలో ఇంకెవరూ లేనట్టు మళ్ళీ నన్నే.

నేను వెనక్కి తిరిగి హేమ సమాధి చూశాను. సిలువ మీద పేరు రంగు వెలిసి ఉంది. మా ఆయన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆయనకి అర్థమైపోయింది. "ప్రసన్నా" అన్నారు, అంతే. ఆపమనీ అనలేదు, కానిమ్మనీ అనలేదు.

"మాణిక్యాలరావూ, ముందు భీమరాజుది తవ్వు."

"టీచరుగారండీ! కాయితంలో ఆ పేరు లేదండి. టైం కూడా లేదండి. హేమమ్మది..."

"కాగితం నా చేతిలో ఉంది. ఎవరడిగినా నేను చెబుతాను. అంచు మీదున్నది ముందు పోతుంది కదా? తవ్వమంటే తవ్వు!"

క్లాసులో బెత్తం పట్టుకున్నప్పటి గొంతుతోనే అరిచాను. వాడు కళ్ళు తుడుచుకుని పలుగు అందుకున్నాడు. అంచు మీద కాబట్టి నడుముకి తాళ్ళు కట్టుకుని, ఒకళ్ళు తవ్వుతుంటే ముగ్గురు పట్టుకున్నారు. అందుకే అంతసేపు పట్టింది. ఒంటిగంటన్నరకి భీమరాజు దొరికాడు. చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి వేసుకునే నైలాను తాడు అతనితో పాటు పెట్టిందట చిట్టెమ్మ. అది మాత్రం చెక్కు చెదరలేదు. దాన్ని చూసి గుర్తుపట్టి అప్పుడు ఏడ్చింది. అతన్ని ఉంచడానికి ఏమీ లేదు. పనసచెక్క పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఓణీ తియ్యబోయి, ఉండనీలే అని అలాగే ఉంచేశాను. భీమరాజు ఎముకలు మా హేమ ఓణీలో పడుకున్నాయి.

తర్వాత హేమది మొదలుపెట్టారు. వాన పెద్దదైంది. పైన సిమెంటు పలక తప్పించి, నడుం లోతు తవ్వేసరికి కింద నుంచి నీళ్ళు ఊరాయి. బకెట్లతో తోడుతూ తవ్వారు. చిట్టెమ్మ కూడా ఆ సున్నం బకెట్టు బోర్లించి, దాంతోనే తోడింది. మూడు కావస్తుండగా మాణిక్యాలరావు గోతిలోంచి "తగిలిందండీ! పెట్టె తగిలిందండీ!" అని కేక వేశాడు. నేను మోకాళ్ళ మీద కూలబడి లోపలికి వంగాను. నిజమే. బురద నీళ్ళలో నల్లటి చెక్క అంచు, జానెడు. తొమ్మిదేళ్ళ తర్వాత జానెడు మేర నా పిల్ల కనబడింది. చెయ్యి చాపితే అందేలా ఉంది.

అప్పుడు అల వచ్చింది. పెద్ద అల కూడా కాదు. కింద ఎప్పట్నుంచో బోలుగా ఉంది కాబోలు, దిబ్బ ముందు భాగం అంతా ఒక్కసారిగా దిగిపోయింది. మాణిక్యాలరావుని తాడుతో పైకి ఈడ్చారు. వాడు పైకొచ్చేసరికి గొయ్యి లేదు. గోతి వెనక సిలువ ఒక్క క్షణం నిలబడి, పక్కకి ఒరిగి, సిమెంటు పలకతో పాటు నీళ్ళలోకి జారింది. నేను ముందుకి దూకానట. నాకు గుర్తులేదు. మా ఆయన నడుం పట్టుకున్నారు. మావగారు కుర్చీలోంచి లేచి వచ్చి నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు. ఎనభై ఎనిమిదేళ్ళ చేతిలో అంత బలం ఎక్కడిదో!

"వద్దమ్మాయ్! దాన్నిచ్చేం. నిన్ను కూడా ఇవ్వలేనమ్మా, నిన్ను కూడా ఇవ్వలేను."

ఆయన ముందే చెప్పారు కదా. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా "నేను చెప్పలేదా" అనలేదు. ఆ పూటా అనలేదు. ఆయన గుండె మీద తల పెట్టి, నా చిన్నప్పుడు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చాను. నా తల్లీ, నా హేమా, నీళ్ళు మన దగ్గరికెందుకొస్తాయని అడిగావే, కూర్చోమన్నానే!

ఆ రాత్రి తుఫాను తీరం దాటింది. తెల్లారేసరికి దిబ్బ లేదు. మా అమ్మా లేదు, శ్యామ్ సుందర్ వాళ్ళ నాన్నగారూ లేరు. శ్యామ్ సుందర్ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి, నా లెక్క తప్పు అని చెప్పాను. నా మాట మీద దిబ్బ మీద పెట్టుకున్న పదకొండు ఇళ్ళకీ వెళ్ళి అదే చెప్పాను. కొందరు కూర్చోమన్నారు. ఒకావిడ తలుపు వేసేసింది. వెయ్యాలి కూడా.

నవంబరు రెండున సమాధుల పండగ వచ్చింది. కాలవ గట్టున భీమరాజు కొత్త సమాధి, ఇంకా పచ్చి మట్టి. చిట్టెమ్మ చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం వేసింది. దాని పక్కన హేమ కోసమని మేము అడిగి పెట్టుకున్న జాగా అలాగే ఖాళీగా ఉంది. నేను బంతిపూలు తెచ్చాను, కొవ్వొత్తి తెచ్చాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాసేపు ఆ ఖాళీ జాగా దగ్గర నిలబడ్డాను. చిట్టెమ్మ వచ్చి నా చేతిలోంచి కొవ్వొత్తి తీసుకుని, భీమరాజు సమాధి మీద వెలిగించి పెట్టింది.

"ఇక్కడే పెట్టుకోండి టీచరుగారూ. అమ్మాయిగారి ఓణీ ఇక్కడే ఉంది కదండీ."

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. కాలవ నిండుగా ఉంది. పోటు సమయంలో కాలవలోకి ఉప్పునీళ్ళు ఎక్కుతున్నాయని, గట్టు మీద కొబ్బరి చెట్ల మొవ్వులు ఎండిపోతున్నాయని అందరూ అంటున్నారు. చిట్టెమ్మ ఆ మొవ్వుల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. అదే చూపు, ఆరేళ్ళ కిందట మా గుమ్మంలో చూసిన చూపు.

"టీచరుగారండీ, ఇక్కడికి రాదు కదండీ సముద్రం? ఎన్నేళ్ళు పడతాదంటారు?"

నాకు నోట్లో అంకె ఆడింది. అలవాటు మరి. కళ్ళు మూసుకుని దాన్ని మింగేశాను.

"నాకు తెలీదు చిట్టెమ్మా" అన్నాను.